రౌటర్‌కు ఏ ఫర్మ్‌వేర్ అని అడిగే ముందు, లోపల ఏ చిప్ ఉందో చూడండి

సాయంత్రం ఏడున్నరకు మ్యాచ్ మొదలైతది. ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ పెడితే 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కు 95 చూపిస్తది. అయినా పవర్‌ప్లే అయిపోకముందే టీవీ మీద చక్రం ఊకె తిరుగుతుంటది. ఆపరేటర్‌కు ఫోన్ చేస్తే "మా దిక్కు లైన్ క్లియరే ఉంది అన్నా" అంటడు. చాలాసార్లు ఆయన చెప్పేది నిజమే.

స్ట్రీమింగ్‌కు కావాల్సిన స్పీడ్ మనం అనుకునేంత ఏమీ కాదు. నెట్‌ఫ్లిక్స్ 4కేకు అడిగేది 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5. యూట్యూబ్ 4కేకు 20 ఉండాలంటది. ఆ లెక్కన 100 లైన్ మీద నాలుగు టీవీలు హాయిగా నడవాలి. నడవట్లేదంటే తక్కువైంది స్పీడ్ కాదు, ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, టైముకు చేరట్లేదు. సినిమా చూసేటప్పుడు యాప్ ముందే కొంత దింపి పెట్టుకుంటది కాబట్టి మధ్యలో పది సెకన్లు లైన్ ఆగినా మనకు తెలియదు. లైవ్ మ్యాచ్‌కు ఆ వెసులుబాటు లేదు, ఇంకా వెయ్యని బంతిని ముందే దింపుకోలేరు కదా. అందుకే సినిమాలు బాగానే వచ్చే ఇంట్లో కూడా క్రికెట్ ఆగుతది.

రౌటర్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌ను ఫర్మ్‌వేర్ అంటారు. కంపెనీ ఇచ్చిన దాన్ని తీసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటి బయటి ఫర్మ్‌వేర్ వేసుకోవచ్చు. ఆ జోలికి పోయే ముందు పావుగంట ఖర్చు చేసి ఒక పరీక్ష చెయ్యండి. టీవీ పక్కన ల్యాప్‌టాప్ పెట్టి రెండు విండోల్లో పింగ్ నడపండి (ప్యాకెట్ పోయి తిరిగి రావడానికి ఎంత సేపో చూపే కమాండ్ ఇది): ఒకటి రౌటర్ అడ్రస్‌కు, ఇంకొకటి బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కు. ఫోన్‌తో చెయ్యొద్దు. ఫోన్ బ్యాటరీ ఆదా కోసం వైఫైని నిద్రపుచ్చుతుంటది, అంకెలు ఉత్తగనే ఎగిరిపడతాయి. ఇప్పుడు ఇంకో ఫోన్ నుంచి నాలుగైదు పెద్ద వీడియోలు డ్రైవ్‌లోకి అప్‌లోడ్ పెట్టండి. రౌటర్ పింగే 3 మిల్లీసెకన్ల నుంచి 150, 200కు పోతుంటే సమస్య వైఫైలో ఉంది. రౌటర్ పింగ్ స్థిరంగా ఉండి బయటి పింగ్ ఒక్కటే 20 నుంచి 400కు లేస్తే వైఫైకి సంబంధం లేదు, లైన్ ముందర క్యూ పెరుగుతోంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. రెండూ కదలకుండా ఉన్నా చక్రం తిరుగుతుంటే తప్పు టీవీ యాప్‌దో అవతలి సర్వర్‌దో. ఏ ఫర్మ్‌వేర్ వేసినా అది బాగుపడదు.

ఇంకొక సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన ఫైబర్ డబ్బాలో, అంటే ఓఎన్‌టీలో, ఈ ఫర్మ్‌వేర్లు ఏవీ వెయ్యలేరు. అది వాళ్ల సొత్తు, లాక్ అయి ఉంటది. దాన్ని అట్లే ఉంచి, దాని వైఫై ఆపేసి, ల్యాన్ పోర్ట్ నుంచి మీ సొంత రౌటర్ వ్యాన్ (ఇంటర్నెట్ వచ్చే) పోర్ట్‌కు కేబుల్ వెయ్యాలి. ఆపరేటర్ ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్ చేసిస్తే మంచిది, అంటే అది రౌటర్ పని మాని లైన్‌ను నేరుగా మీ రౌటర్‌కు ఇస్తది. అప్పుడు పీపీపీఓఈ (కనెక్షన్‌కు లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మీ రౌటర్‌లో ఎక్కించుకోవాలి. చేసివ్వకపోయినా కంగారు లేదు. ఓఎన్‌టీ, మీ రౌటర్ రెండూ అడ్రస్‌లు మార్చే డబుల్ నాట్ వల్ల ఆన్‌లైన్ గేములకు, సీసీ కెమెరాలకు ఇబ్బంది గానీ స్ట్రీమింగ్‌కు ఏమీ కాదు.

ఇక అసలు విషయం. "ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మంచిదా, డీడీ-డబ్ల్యూఆర్‌టీ మంచిదా, టొమాటోనా, మెర్లినా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు మీ రౌటర్ లోపలి వైఫై చిప్ చెప్తది, మీరూ నేనూ కాదు. మీడియాటెక్ చిప్‌లకు ఎంటీ76 అని, క్వాల్‌కామ్ ఎథెరోస్ చిప్‌లకు ఏటీహెచ్9కే, ఏటీహెచ్10కే అని లైనక్స్‌లో బహిరంగ డ్రైవర్లు ఉన్నాయి. బ్రాడ్‌కామ్ తన రౌటర్ చిప్‌ల డ్రైవర్లను చాలావరకు బయటపెట్టదు. కాబట్టి మీడియాటెక్, క్వాల్‌కామ్ అయితే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. బ్రాడ్‌కామ్ ఉన్న ఆసుస్ అయితే మెర్లిన్. బ్రాడ్‌కామ్ ఉన్న పాత నెట్‌గేర్, లింక్‌సిస్ అయితే ఫ్రెష్‌టొమాటో, అది కుదరకపోతే డీడీ-డబ్ల్యూఆర్‌టీ. బ్రాడ్‌కామ్ రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేస్తే చాలా మోడళ్లలో 5 గిగాహెర్ట్జ్ పనిచెయ్యనే చెయ్యదు, చేసినా కుంటి నడకే. "ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేస్తే నెట్ స్లో అయింది" అనే ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేది ఇక్కడినుంచే.

చిప్ పేరు డబ్బా మీద రాయరు. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద మోడల్ పక్కన చిన్న అక్షరాల్లో వెర్షన్ ఉంటది. దాన్ని ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్ల హార్డ్‌వేర్ పట్టికలో వెతకాలి. వెర్షన్ చూడకుండా కొనొద్దు. టీపీ-లింక్ ఆర్చర్ సీ6నే తీసుకోండి: వీ2లో క్వాల్‌కామ్ చిప్, వీ3లో మీడియాటెక్ ఎంటీ7621. పేరు ఒకటే, లోపల వేరే రౌటర్. వీ2లోనే మళ్లీ యూరప్ రకానికి, అమెరికా రకానికి ఫైళ్లు వేరు. ఒకదాని ఫైలు ఇంకోదాంట్లో వేస్తే రౌటర్ ఇటుక కావచ్చు, అంటే ఇక లేవదు.

మన దగ్గర చాలా ఇళ్లల్లో కనిపించే టీపీ-లింక్ డబ్ల్యూఆర్841ఎన్ సంగతి కూడా చెప్పేస్తాను. దాని వెర్షన్లలో ఎక్కువ వాటికి 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్. అంత చిన్న వాటికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 19.07 వెర్షన్‌తోనే ఆగిపోయింది. పైగా అది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే. పక్కనబెట్టండి. ఇప్పుడు కొనేవాళ్లు కనీసం 16 ఎంబీ ఫ్లాష్, 128 ఎంబీ ర్యామ్ చూసుకోవాలి. కొత్తది అయితే మీడియాటెక్ ఫిలోజిక్ చిప్ ఉన్నవి వెతకండి. క్యూడీ డబ్ల్యూఆర్3000, జీఎల్-ఐనెట్ బెరిల్ ఏఎక్స్ రెండింట్లో ఎంటీ7981 ఉంది, జీఎల్-ఐనెట్ ఫ్లింట్ 2లో ఎంటీ7986. నల్లగొండలో, పాలమూరులో షాపులవాళ్లు ఇవి పెట్టరు. సికింద్రాబాద్ సీటీసీలో అడగాలి, లేదంటే ఆన్‌లైన్.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీని స్ట్రీమింగ్‌కు ముందు వరుసలో పెట్టడానికి రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్. వైఫైలో ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి. వెనక అర్రలో సిగ్నల్ అందక 6 ఎంబీపీఎస్‌కు పడిపోయిన ఫోన్ ఒక ప్యాకెట్ పంపే లోపల, టీవీకి డజన్లకొద్దీ ప్యాకెట్లు పోవచ్చు. మామూలు రౌటర్ ప్యాకెట్లు లెక్కబెట్టి వంతులు వేస్తది. దాంతో ఆ ఒక్క బలహీనమైన ఫోన్ ఇల్లంతటినీ తన స్పీడ్‌కు దించుతది. ఏటీహెచ్9కే, ఏటీహెచ్10కే, ఎంటీ76 డ్రైవర్లలో వంతులు ప్యాకెట్లను బట్టి కాకుండా గాలిలో తీసుకున్న సమయాన్ని బట్టి వేస్తారు. దీనికి సెట్టింగ్ ఏమీ లేదు, దానంతట అదే పనిచేస్తది. మీ పరీక్షలో రౌటర్ పింగే ఎగిరి ఉంటే మందు ఇదే.

రెండోది ఎస్‌క్యూఎం (స్మార్ట్ క్యూ మేనేజ్‌మెంట్), లైన్ ముందరి క్యూకు మందు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో సాఫ్ట్‌వేర్ పేజీకి పోయి లూసీ-యాప్-ఎస్‌క్యూఎం ప్యాకేజీ ఎక్కించాలి. తర్వాత నెట్‌వర్క్ మెనూలో ఎస్‌క్యూఎం వస్తది. ఇంటర్‌ఫేస్ దగ్గర వ్యాన్ ఎంచుకోండి. పీపీపీఓఈ మీ రౌటర్‌లోనే ఉంటే పీపీపీఓఈ-వ్యాన్ అని కనిపించేది ఎంచుకోవాలి. ల్యాన్ బ్రిడ్జ్ పెడితే డౌన్‌లోడ్, అప్‌లోడ్ తారుమారు అయితాయి. స్పీడ్ ముందు నాలుగైదు వేళల్లో కొలవండి, ముఖ్యంగా రాత్రి ఎనిమిది నుంచి పది మధ్యన. వచ్చినవాటిలో తక్కువ అంకెకు 90 శాతం కట్టండి. ఇక్కడ యూనిట్ కిలోబిట్లు. 90 ఎంబీపీఎస్ కావాలంటే 90000 అని రాయాలి. 90 అని రాస్తే ఇంట్లో నెట్ డయలప్ కాలానికి పోతది, ఆపరేటర్‌కు అనవసరంగా తిట్లు పడతాయి. క్యూ డిసిప్లిన్‌లో, అంటే క్యూను నడిపే పద్ధతిలో, కేక్ అనేదాన్ని, స్క్రిప్ట్ దగ్గర పీస్ ఆఫ్ కేక్‌ను ఎంచుకోండి. లింక్ లేయర్ ట్యాబ్‌లో ఈథర్నెట్ విత్ ఓవర్‌హెడ్ ఎంచుకుని 44 రాయండి, ఫైబర్‌కు అది సరిపోతది. సేవ్ చేసి మళ్లీ అదే పింగ్ పరీక్ష నడపండి. ఇంకా ఎగురుతుంటే 85 శాతానికి దించండి, కదలకుంటే 95 శాతం దాకా పెంచి చూడండి.

కిరాయికి ఇచ్చిన పోర్షన్‌లకు కూడా అదే వైఫై ఇచ్చినవాళ్లకు ఇంకో చిన్న మార్పు పనికొస్తది. క్యూ డిసిప్లిన్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్, దాని కింద డేంజరస్ కాన్ఫిగరేషన్ గడులు తెరిచి, డౌన్‌లోడ్ దిక్కు నాట్ డ్యుయల్-డీఎస్‌టీహోస్ట్, అప్‌లోడ్ దిక్కు నాట్ డ్యుయల్-ఎస్‌ఆర్‌సీహోస్ట్ అని పెడితే కేక్ మనిషికింత అన్నట్టు పరికరానికింత పంచుతది. పై పోర్షన్ పిల్లగాడు టోరెంట్‌లో వంద కనెక్షన్లు తెరిచినా కింద టీవీ వాటా తగ్గదు.

ఎస్‌క్యూఎంకు ప్రాసెసర్ బలం కావాలి. ఎంటీ7621 ఉన్న రౌటర్లు 150, 200 ఎంబీపీఎస్ దాటితే ఆయాసపడతాయి. ఆర్చర్ సీ7 లాంటి సింగిల్ కోర్ పాతవి 100 ప్లాన్‌కు పర్వాలేదు, అంతకు మించి అడగొద్దు. ఎంటీ7981 అయితే 300 ప్లాన్‌కు చింత లేదు. ప్రాసెసర్ చాలకపోతే ఒక ఉపాయం: డౌన్‌లోడ్ గడిలో 0 పెట్టండి, అంటే ఆ దిక్కు కట్టడి లేనట్టే, అప్‌లోడ్‌కు మాత్రం అంకె ఇవ్వండి. ఇళ్లల్లో లైన్‌ను ఎక్కువగా అడ్డుకునేది ఫోటోలు, వీడియోలు బ్యాకప్ అయ్యే అప్‌లోడే కాబట్టి సగానికి పైన రోగం అక్కడే నయమైతది. హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆన్ చేసి ఉంటే మాత్రం తీసెయ్యండి. అది ప్యాకెట్లను ఎస్‌క్యూఎం కంట పడకుండా దాటిస్తది. ఎస్‌క్యూఎం పెట్టినా తేడా లేదనేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే.

ఊళ్లల్లో ఫైబర్ లేక 5జీ ఎయిర్ కనెక్షన్ పెట్టుకున్నవాళ్లకు స్థిరమైన అంకె పనిచెయ్యదు. టవర్ మీద రద్దీని బట్టి గంటకో స్పీడ్ వస్తది. వాళ్లకు కేక్-ఆటోరేట్ అని స్క్రిప్ట్ ఉంది. పింగ్ చూసుకుంటూ అంకెను తనే పెంచి దించుతది.

తర్వాత టీవీ వైపు వైఫై సెట్టింగులు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసిన కొత్తలో వైఫై ఆఫ్‌లోనే ఉంటది, భయపడొద్దు. ముందు కంట్రీ కోడ్ ఇండియా పెట్టండి. వేరే దేశం పెట్టి పవర్ పెంచుకుందామనే తెలివి వద్దు, అది చట్టం ఒప్పుకోదు, పనికీ రాదు. రౌటర్ అరిచినంత గట్టిగా టీవీ తిరిగి జవాబు చెప్పలేదు. 5 గిగాహెర్ట్జ్‌లో ఛానెల్ ఆటో కాకుండా 36 గానీ 149 గానీ పెట్టండి, వెడల్పు 80. ఆటో పెడితే రేడియో మొదలైనప్పుడు ఒక్కసారే ఎంచుకుని కూర్చుంటది, పక్కింటివాళ్ల రౌటర్ తర్వాత అదే ఛానెల్‌కు వచ్చినా కదలదు. 52 నుంచి 144 దాకా ఉన్న ఛానెళ్లను కొన్ని టీవీలు, స్టిక్కులు చూడనే చూడవు. రెండు బ్యాండ్లకు వేరే వేరే పేర్లు పెట్టి టీవీలో 5 గిగాహెర్ట్జ్ పేరు ఒక్కటే సేవ్ చెయ్యండి. టీవీ గోడకు తగిలించి ఉంటది, దానికి బ్యాండ్ మారే స్వేచ్ఛ అవసరం లేదు.

సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ2 మాత్రమే పెట్టండి. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపిన మోడ్‌లో పాత టీవీలు కనెక్ట్ అయినట్టే అయి జారిపోతాయి. 802.11ఆర్ (ఒక వైఫై పాయింట్ నుంచి ఇంకోదానికి తొందరగా మారే సౌకర్యం) కూడా టీవీ ఉన్న పేరు మీద ఆపండి. ఇక చాలామందికి తెలియని గడి ఒకటుంది. వైర్‌లెస్ ఎడిట్‌లో, ఇంటర్‌ఫేస్ కాన్ఫిగరేషన్ కింద అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో, డిస్‌అసోసియేట్ ఆన్ లో అక్నాలెడ్జ్‌మెంట్ అని టిక్ పెట్టి ఉంటది. అవతలి పరికరం కొన్ని ప్యాకెట్లకు జవాబివ్వకపోతే రౌటర్ దాన్ని బయటికి నెట్టేస్తది. ఫోన్‌కు అది మేలే, తొందరగా ఇంకో పాయింట్‌కు పోతది. టీవీ మాత్రం బయట పడ్డాక మళ్లీ కనెక్ట్ కావడానికి పది పదిహేను సెకన్లు తీసుకుంటది, ఆ లోపల మ్యాచ్ ఆగుతది. ఆ టిక్ తీసెయ్యండి. గంటకోసారి కారణం లేకుండా టీవీ డిస్‌కనెక్ట్ అయితుందంటే లాగ్‌లో అక్నాలెడ్జ్‌మెంట్ (ఏసీకే) అందలేదన్న మాట ఉందేమో చూడండి.

ఆర్చర్ సీ7 లాంటి ఏటీహెచ్10కే రౌటర్లలో ఇంకో చిక్కు: ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మామూలుగా సీటీ అనే డ్రైవర్ రకంతో వస్తది. కొన్ని టీవీలతో దానికి పడదు, స్పీడ్ ఉన్నట్టుండి కుంగిపోతది. సీటీ డ్రైవర్, సీటీ ఫర్మ్‌వేర్ రెండు ప్యాకేజీలూ తీసి, సీటీ లేని జంటను ఎక్కించి రీబూట్ చెయ్యాలి. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే 5 గిగాహెర్ట్జ్ రేడియో మాయం కావచ్చు. రౌటర్‌కు కేబుల్ పెట్టుకునే ఈ పని చెయ్యండి.

ఆసుస్ మెర్లిన్ గురించి ఎక్కువ చెప్పేది లేదు, అది దాని గొప్పతనమే. కెనడాకు చెందిన ఎరిక్ సావాజో నడుపుతున్నారు. ఆసుస్ సొంత డ్రైవర్లే వాడుతది కాబట్టి వైఫై స్పీడ్ ఒరిజినల్ ఎట్లా ఉందో అట్లే ఉంటది. మామూలు అప్‌డేట్ పేజీ నుంచే ఎక్కుతది, వెనక్కి పోవడమూ అంతే సులువు. ఏఎక్స్ (వైఫై 6) మోడళ్లలో కేక్ కూడా ఉంది. మెర్లిన్ ఎక్కే ఆసుస్ ఏఎక్స్ రౌటర్ ఇంట్లో ఉన్నవాళ్లు ఇంకో ఫర్మ్‌వేర్ గురించి ఆలోచించడం దండగ.

ఫ్రెష్‌టొమాటో బ్రాడ్‌కామ్‌కు మాత్రమే. ఏ పరికరం ఎంత లాగుతుందో లైవ్‌లో గీసే గ్రాఫ్ దాంట్లో ఉన్నంత బాగా ఇంకెక్కడా లేదు. పాత రౌటర్ చేతిలో ఉంటే వేసుకోండి, దానికోసం రౌటర్ కొనొద్దు.

డీడీ-డబ్ల్యూఆర్‌టీ నా లెక్కలో చివరిది. మద్దతు ఇచ్చే రౌటర్ల జాబితా చాలా పెద్దది, బ్రాడ్‌కామ్ డ్రైవర్లూ ఉన్నాయి. కానీ స్థిరమైన విడుదల అనేది లేదు. వరుసగా నంబర్లు వేసిన బీటా బిల్డులే. ఒక నంబర్ మీ రౌటర్‌లో నెలలకొద్దీ నడుస్తది, తర్వాతి దాంట్లో వైఫై పడిపోతది. వాళ్ల సైట్‌లో మోడల్ కొడితే వచ్చే ఫైలు చాలాసార్లు ఏళ్ల కిందటిది, దాన్ని నమ్మొద్దు. బీటా ఫోల్డర్‌లోకి పోయి, మీ మోడల్‌కు జనం బాగుందని చెప్పిన నంబర్ తీసుకోవాలి. బిల్డు మార్చినప్పుడు పాత సెట్టింగుల బ్యాకప్ ఎక్కించొద్దు, రీసెట్ చేసి చేత్తో మళ్లీ రాసుకోవాలి. బ్యాకప్ ఎక్కించాక వచ్చే వింత జబ్బులకు అంతు ఉండదు.

ఇక ఎక్కించే పని. వైఫై మీద కాదు, ల్యాన్ కేబుల్ మీదే. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో రెండు రకాల ఫైళ్లు ఉంటాయి: కంపెనీ ఫర్మ్‌వేర్ నుంచి మొదటిసారి మారడానికి ఫ్యాక్టరీ, ఆ తర్వాత అప్‌డేట్లకు సిస్‌అప్‌గ్రేడ్. క్యూడీ రౌటర్లకు ముందు ఆ కంపెనీ తన సైట్‌లో ఇచ్చే మధ్యంతర ఫైలు వేసి, దాని మీద సిస్‌అప్‌గ్రేడ్ వెయ్యాలి. దింపిన ఫైలు చెడిపోలేదని తెలిపే ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్యను సైట్‌లో ఇచ్చినదానితో సరిచూడండి. రౌటర్ ఇన్వర్టర్ లైన్ మీద ఉండాలి. రాస్తుండగా కరెంటు పోతే కథ అంతే, ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచే వేళ ఈ పని పెట్టుకోవద్దు. లైటు స్థిరపడేదాకా ఐదు నిమిషాలు ముట్టొద్దు.

తర్వాత ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడ: ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అడ్రస్ 192.168.1.1. చాలా ఓఎన్‌టీల అడ్రస్ కూడా అదే. రెండు పక్కలా ఒకే అడ్రస్ ఉంటే రౌటర్‌కు దారి తెలియదు, నెట్ రాదు. ఫర్మ్‌వేర్ పాడైందని జనం వెనక్కి పోతారు. ఓఎన్‌టీ కేబుల్ పీకి, రౌటర్ ల్యాన్ అడ్రస్ 192.168.10.1గా మార్చి, సేవ్ చేసి మళ్లీ పెట్టండి. రూట్ పాస్‌వర్డ్ మొదట ఖాళీగా ఉంటది, అదీ అప్పుడే పెట్టెయ్యండి.

ఇవన్నీ చేశాక కూడా స్టేటస్ పేజీలో టీవీ సిగ్నల్ మైనస్ 72 డీబీఎం కన్నా బలహీనంగా ఉంటే అది ఫర్మ్‌వేర్ పని కాదు. మైనస్ 65 గానీ అంతకన్నా బలంగా (సున్నాకు దగ్గరగా) గానీ ఉంటే 4కే నిశ్చింతగా వస్తది. మన ఇళ్లల్లో ఓఎన్‌టీ వీధి గదిలోనో మెట్ల కిందో ఉంటది, టీవీ రెండు తొమ్మిదంగుళాల గోడల అవతల. పై అంతస్తు అయితే మధ్యలో స్లాబు, దాంట్లో ఇనుము. క్యాట్6 కేబుల్ లాగి టీవీ దగ్గర రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా పెట్టడమే దారి. ఒకే రేడియో మీద గాలిలో రిపీట్ చేస్తే స్పీడ్ సగం పోతది. అదే కేబుల్ నేరుగా టీవీకి గుచ్చితే ఇంకా స్థిరం, చాలా టీవీల ల్యాన్ పోర్ట్ 100 ఎంబీపీఎస్‌దే అయినా స్ట్రీమింగ్‌కు అది ఎక్కువే. ఫైర్ స్టిక్ వాడేవాళ్లు డబ్బాలో వచ్చిన చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్ పారేయకండి. స్టిక్ టీవీ వెనక రేకుకు అతుక్కుని ఉంటే సిగ్నల్ అందదు, ఎక్స్‌టెండర్‌తో కొంచెం బయటికి లాగాలి. రౌటర్‌కు యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ పెట్టి సినిమాలు నడిపేవాళ్లు కూడా గమనించాలి, యూఎస్‌బీ 3 రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతది. డిస్క్‌ను పొడుగు కేబుల్‌తో దూరం పెట్టండి.

ఫోన్ నుంచి టీవీకి క్యాస్ట్ చెయ్యబోతే టీవీ పేరు కనిపించకపోతే, ఐసొలేట్ క్లయింట్స్ టిక్ ఉందేమో, ఫోన్ గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. యాడ్‌బ్లాక్ పెద్ద జాబితా ఎక్కించినా కొన్ని వీడియో యాప్‌లు ప్రకటన కోసం ఎదురుచూస్తూ నల్ల తెర మీద ఆగిపోతాయి.

కంపెనీ ఫర్మ్‌వేర్‌కు తిరిగి పోవాలంటే దాని ఫైలు ముందే దింపి ల్యాప్‌టాప్‌లో పెట్టుకోండి. టీపీ-లింక్ పాత మోడళ్లలో ఫైలు పేరులో బూట్ అని ఉంటే దాన్ని నేరుగా వెయ్యకూడదు, ముందరి బూట్ భాగం కత్తిరించాకే వెయ్యాలి. సెట్టింగులు తప్పి లోపలికి పోలేకపోతే మాత్రం అంత దూరం అక్కర్లేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్ ఆన్ అయ్యేటప్పుడు లైటు వేగంగా మినుకుతున్న క్షణంలో రీసెట్ బటన్ నొక్కితే ఫెయిల్‌సేఫ్‌లో లేస్తది. ల్యాప్‌టాప్‌కు 192.168.1.2 అని చేత్తో అడ్రస్ ఇచ్చి, 192.168.1.1కు ఎస్‌ఎస్‌హెచ్‌లో (కమాండ్లతో లోపలికి పోయే దారి) పోయి సెట్టింగులు తుడిచెయ్యొచ్చు.